కనుమ మీదుగా సైకిలు

ఉయ్యూరు చుట్టుపక్కల మా పల్లెల్లో సైకిలుకు బ్రేకులు ఉంచుకున్నవాడంటే పిరికివాడని లెక్క. ఎంత కొత్త సైకిలైనా సరే, మొదటి వానాకాలం రాగానే మడ్‌గార్డులూ బ్రేకు ఊచలూ ఊడదీయించి అటక మీద పడేసేవాళ్ళం. కారణం లేకపోలేదు. మా నల్లరేగడి బురద చక్రానికీ బ్రేకు రబ్బరుకూ మధ్య ముద్దగా ఇరుక్కుందంటే చక్రం కదలదు. అది మనల్ని మోయడం మానేసి, మనమే దాన్ని భుజాన వేసుకోవలసి వస్తుంది. ఆగాలంటే కాలు కింద పెడితే సరి. అయినా మా దేశంలో వాలు ఎక్కడుంది గనక? కాలవ గట్టు ఎక్కి దిగడమే మేమెరిగిన పర్వతారోహణ.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా వదిన బతుకు ఒకసారి ఈ బ్రేకుల దగ్గరే మెలిక పడింది.

మా వదిన పేరు హన్నా. ఆమె తండ్రి ఆమోసు చెరకు బళ్ళు తోలేవాడు. చెరకు దింపి వచ్చాక ఆయన సైకిలు ఖాళీగా ఉంటే, ఈ పిల్ల దాన్ని కాలవ గట్టు మీదికి తోసుకుపోయి, నాట్లేసే ఆడవాళ్ళలా పావడా ఎగదోపి, అడ్డకడ్డీ కింద నుంచి కాలు పోనిచ్చి తొక్కడం నేర్చింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఆమోసు మాత్రం, పడితే కాలవలోనే కదా పడుతుంది, ఈత వచ్చులే అన్నాడట. అటువంటి తండ్రి కడుపున పుట్టిన పిల్ల గనకనే టీచరు ట్రైనింగు కూడా చదివింది.

వాళ్ళు బాప్టిస్టులు. మేము ఆర్సీఎమ్ వాళ్ళం, కాథలిక్కులం. మా అన్న బాలశౌరి ఈమెనే చేసుకుంటానన్నప్పుడు మా అమ్మ తెరేసమ్మ నెల రోజులు గొణిగింది. వాళ్ళకు మరియమాత లేదు, జపమాల లేదు, ఇంక దీపం పెట్టే ఇల్లెలా అవుతుందని ఆమె బాధ. వదిన పెళ్ళికి ముందే మా గుడిలో చేరింది, జపమాల నేర్చుకుంది, ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్ళకు వెళ్ళింది. అయినా అమ్మ మనసులో ఏ మూలో ఒక అనుమానం ఉండిపోయింది. పైకి వల్లిస్తుంది గానీ లోపల నమ్ముతుందో లేదో అని.

అన్నకు కొండపల్లి కొండల అవతల ఎర్రగట్టు అనే పల్లెలో గుడివారి బడిలో ఉద్యోగం వచ్చింది. ఒకే గది, ఒకే టీచరు. ఆ పల్లెలో కాపురం పెట్టే ఇల్లు లేక, అమ్మా అన్నా వదినా కొండపల్లిలో అద్దెకు దిగారు. నేను బెజవాడ రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తాను. ఆదివారాలు వెళ్ళి వాళ్ళింట భోజనం చేసి వచ్చేవాణ్ణి.

అన్న బడికి వెళ్ళే దారి తారు రోడ్డు. కొండపల్లి నుంచి ఇబ్రహీంపట్నం దిగి, కొండల తోక చుట్టి, మళ్ళీ లోపలికి తిరగాలి. అవి థర్మల్ స్టేషను కడుతున్న రోజులు. ఇసుకా, ఇనుమూ, సిమెంటూ, కంకరా అన్నీ ఆ రోడ్డు మీదే. డెబ్బై అయిదు చలికాలంలో ఒకనాడు పొద్దున్నే అన్న చద్దన్నం తిని బయలుదేరాడు. వెనకనుంచి ఒక లారీ కొట్టి ఆగకుండా పోయింది. అది ఎక్కడిదో, ఎవరిదో ఈనాటికీ తెలియదు. సైకిలు హ్యాండిలు మాత్రం కాస్త వంగింది. అన్న బడికి చేరలేదు.

ఆ తర్వాత మా అమ్మకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు గడప దాటినా, వీధి మలుపు తిరిగేదాకా చూసి, తిరిగాక కూడా అక్కడే నిలబడి ఉండేది. నేను బెజవాడ రైలెక్కడానికి బయలుదేరినా అంతే.

మా గుడి విచారణ గురువులు, అంటే బడి నడిపే ఫాదరుగారు, మంచివారు. వేసవిలో ఇంటికి వచ్చి, హన్నాకు ట్రైనింగు ఉంది కదా, బడులు తెరిచేనాటికి వస్తానంటే ఆ పోస్టు ఆమెదేనన్నారు. ఇంట్లో మరో ఆధారం లేదు. నా జీతం నా అద్దెకూ మెస్సుకే చాలదు. వదిన వెళ్తానంది. అమ్మ ససేమిరా అంది. చివరికి ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం కుదిరింది. అమ్మ వదినను గుణదల మాత పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. ఆ లారీల రోడ్డు మీద చక్రం పెట్టకూడదు, కాలూ పెట్టకూడదు. పెట్టిననాడు ఉద్యోగం మానేసి ఉయ్యూరు, పుట్టింటికి వెళ్ళిపోవాలి. వదిన పటం మీద చెయ్యి వేసి సరేనంది.

నేను అక్కడే ఉన్నాను. ఒట్టు వేయించుకుని అమ్మ గెలిచిందనుకున్నాను. ఎందుకంటే ఎర్రగట్టుకు వేరే దారి ఉందని నాకు గానీ అమ్మకు గానీ తెలియదు. ఇటు కొండ, అటు బడి, మధ్యలో ఆ ఒక్క రోడ్డు. ఒట్టూ ఉద్యోగమూ ఒకే వరలో ఇమిడే కత్తులు కావు.

వదిన మర్నాడే హనుమయ్య ఇంటికి వెళ్ళింది. హనుమయ్య కొండల్లో పొణికి కర్ర కొట్టి, కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళకు తెచ్చి ఇస్తాడు. కొండ మీదుగా సైకిలు పోతుందా అని అడిగితే, ఆయన నవ్వకుండా పోతుందనే చెప్పాడు. ఎప్పుడో అడవి శాఖవాళ్ళు కలప దింపడానికి వేసిన కంకర దారి కోట పక్కనుంచి కనుమ దాకా పోతుంది, అవతల ఎర్రగట్టు పొలాల్లోకి దిగుతుంది. ఇప్పుడు బళ్ళు కూడా పోవు, నేనూ నా గొడ్డలీ తప్ప మనిషి అలికిడి ఉండదు అన్నాడు.

ఆ మొదటి రోజు సంగతి వదిన నాతో చాలాసార్లు చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోయేది, పూజ జరుగుతుంటే గుడిలో మాట్లాడినట్టు. పల్లపు నేలలో పుట్టినవాళ్ళం, మాకు రాయి అంటే రైలు పట్టాల కింద కంకర, పచ్చడి నూరే రోలు. అలాంటిది ఒక మలుపు తిరిగేసరికి ఇల్లంత రాయి, దాని మీద ఊరంత రాయి, దాని చీలికలోంచి ఒక చిన్న సీతాఫలం చెట్టు. ఎర్రటి కంకర సైకిలు టైరు కింద కరకరమంటూంటే ఆ చప్పుడే తనకు తోడు వస్తున్నట్టు ఉందట. ఆగితే అదీ లేదు. ఇంజను లేదు, హారను లేదు, మనిషి గొంతు లేదు. తన గుండె కొట్టుకోవడం తనకు వినిపించిందని చెప్పింది. దేవుడు లోకాన్ని చేసి, ఇంకా ఎవరినీ పిలవకముందు ఇలాగే ఉండి ఉంటుంది సంజీవరావూ అంది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

దూరపు కొండలు నునుపు అంటారు. మేము బెజవాడ వచ్చిపోతూ రైలు కిటికీలోంచి చూసిన కొండలన్నీ అలా నునుపుగానే ఉండేవి. వదిన ఆ సామెతను మొదటి దిగుడులోనే ఒంటితో నేర్చుకుంది. ఎక్కేటప్పుడు సైకిలును తోసుకుంటూ కనుమ చేరింది. అక్కడ కుచ్చిళ్ళు గోచీలా బిగించి సీటెక్కింది. దిగుడు మొదలైంది. అది అన్న సైకిలు, అంటే మా ఊరి సైకిలు. బ్రేకు అన్న మాటే లేదు. కాలు కింద పెడితే చెప్పు ఊడి ఎగిరిపోయింది. చక్రాలు తిరుగుతున్నాయో, తనే గాల్లో పోతోందో తెలియలేదు. మలుపు దగ్గర దారి అటు తిరిగితే వదిన ఇటు పోయి చిట్టీత పొదలో దిగింది. మోచేతులు గీరుకుని, చీర చిరిగి, ఒక చెప్పుతో బడికి చేరింది. చేరడం మాత్రం వేళకే చేరింది.

ఇంకొకరైతే ఆ సాయంత్రమే ఉద్యోగానికి దండం పెట్టేవారు. మా వదిన బుర్ర మరోలా పనిచేసింది. మర్నాడు కనుమ మీద ఒక ఎండు కంప పట్టుకుని, దాన్ని తాడుతో కారియరుకు కట్టి, వెనక ఈడ్చుకుంటూ దిగింది. కంప కంకరను గోకుతూ వెనక్కి పట్టి లాగుతుంటే, సైకిలు పెళ్ళికూతురి నడక నడిచింది. గాలికి పోయే కంపను తగిలించుకోవడం అంటారే, దాన్ని కావాలని తగిలించుకుని బాగుపడిన మనిషిని నేను ఈమెనొక్కదాన్నే చూశాను. కింద ఎర్రగట్టువాళ్ళు కొండ మీదనుంచి ఎర్రటి దుమ్ము మేఘం దిగి రావడం చూసి మొదట భయపడ్డారు. తర్వాత పిల్లలు ఆమెకు కంప టీచరు అని పేరు పెట్టారు. దుమ్ము కనిపిస్తే బడి గంట కొట్టేవాళ్ళు.

అలా వానాకాలం గడిచింది. వదిన రోజూ కొండపల్లి వీధి చివరనుంచి కొండ వైపు తిరిగేది. అమ్మకు మోకాళ్ళ నొప్పి, వీధి దాటి చూడలేదు. కొండ మీదుగా పోతున్నానని వదిన చెబితే, సరేనని తల ఊపేదే తప్ప ఆమెకు అది నడక దారి అనే ఊహ. సైకిలు ఎందుకు తీసుకుపోతున్నావంటే, అవతల దిగాక తొక్కుతానని వదిన చెప్పింది. అది అబద్ధం కాదు, అంతా చెప్పడమూ కాదు.

దసరా సెలవుల్లో వదిన ఒక పని చేసింది. నాతో సైకిలు రైల్లో బెజవాడ పంపించి, దానికి రెండు వైపులా కొత్త బ్రేకులు వేయించమంది. వేయించాను. మెరిసే ఊచలతో సైకిలు ఇంటికి వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సైకిలు వైపు చూసింది. చేట పక్కన పెట్టింది.

"బ్రేకులెందుకే?" అంది.

కొండకు అని వదిన చెప్పింది. అమ్మ నమ్మలేదు. మా ఊళ్ళో సైకిలుకు బ్రేకులు ఉండే మనిషి ఎవరంటే, బందరు రోడ్డు మీద బస్సులకూ లారీలకూ ఎదురుపోయే మనిషి. అమ్మ అరవయ్యేళ్ళ అనుభవంలో బ్రేకు అన్నది లారీకి మందు. ఇంక దేనికీ కాదు. కొండెక్కేవి మేకలు గానీ సైకిళ్ళా అంది. లారీల రోడ్డు ఎక్కుతున్నావు, అందుకే ఇవి వేయించావు, నా కొడుకు పోయిన చోటనుంచే రోజూ పోతున్నావు అంది. ఆఖరికి లోపల ఎన్నేళ్ళుగానో దాచుకున్న మాట కూడా బయటపడింది.

"మాత మీద ఒట్టంటే మీవాళ్ళకి లెక్కేముందిలే."

వదిన ముఖం తెల్లబోయింది. లోపలికి వెళ్ళి కూర పొయ్యి మీద పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అమ్మతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాణ్ణి ఆ పూట మాట్లాడాను. అమ్మ సైకిలుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. బడి తెరిచేనాటికి వదిన ఉయ్యూరు బస్సు ఎక్కాలి, అంతే అంది. ఒట్టు ప్రకారం అదే న్యాయం.

రాజీ హనుమయ్య చేశాడు. పొణికి మోపు దింపి మంచినీళ్ళకని మా అరుగు దగ్గర ఆగితే, గొడవంతా విన్నాడు. తెరేసమ్మగారూ, కళ్ళతో చూశాక పంపించెయ్యండి, చూడకముందు ఎందుకు అన్నాడు. అమ్మ ఆలోచించింది. చూస్తే సెలవు రోజున కాదు, బడి రోజున, బడి వేళకే చూస్తానంది. అప్పుడైతే మోసం ఉండదట. నేను సెలవు పెట్టి ఉండిపోయాను.

బడి తెరిచిన సోమవారం పొద్దున్నే అమ్మే తాళం తీసి, చెవి మళ్ళీ కొంగున ముడేసుకుంది. ఆమెను కారియరు మీద కూర్చోబెట్టాం. వదిన హ్యాండిలు పట్టింది, నేను వెనకనుంచి తోశాను. మా అమ్మ మనిషి చిన్నదే గానీ, కొండెక్కుతున్నకొద్దీ ఒక్కో అడుక్కీ ఒక్కో కుంచం బియ్యం ఎవరో ఆమె ఒళ్ళో పోస్తున్నట్టు బరువెక్కింది. పార్సిలు ఆఫీసులో మూటలు ఎత్తించేవాణ్ణే తప్ప ఎత్తేవాణ్ణి కాదు. మొదటి మలుపుకే నా నాలుక బయటికి వచ్చింది. అమ్మ కారియరు మీద మాతను ఊరేగించినట్టు కదలకుండా కూర్చుని, ఒరే సంజీవీ, మెల్లగా అంటూ ఉంది.

తర్వాత తర్వాత ఆ మాటా ఆగిపోయింది. నేనూ రొప్పడం మరిచిపోయాను.

రాత్రి కురిసిన వానకు కొండంతా కడిగినట్టు ఉంది. రాళ్ళ మధ్యనుంచి సన్నటి నీళ్ళు కారుతున్నాయి. ఒక మలుపులో మేఘం దారికి అడ్డంగా పడుకుని ఉంది. మేము దానిలోకి నడిచాం. చేతులు చెమ్మగిల్లాయి. వదిన వీపు కూడా సరిగా కనిపించలేదు. మేఘాన్ని తాకగలమని ఎన్నడూ అనుకోనివాణ్ణి, నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. అమ్మ చెయ్యి చాచి ఆ తెల్లదనాన్ని పిడికిట్లో పట్టుకుని, పిడికిలి విప్పి చూసుకుంది. ఏమీ లేదు, తడి మాత్రం ఉంది. దాన్ని ముఖానికి రాసుకుంది.

కనుమ చేరేసరికి ఎండ వచ్చింది. వదిన సైకిలు నిలబెట్టి అమ్మను దించింది. మేము వెనక్కి తిరిగి చూశాం.

ఎలా చెప్పను? కృష్ణ అంతా అక్కడ ఉంది. మేము పుట్టినప్పటినుంచీ కృష్ణ నీళ్ళు తాగినవాళ్ళమే, కాలవలో, బిందెలో, చేలో ముక్కలు ముక్కలుగా చూసినవాళ్ళమే. నదినంతా ఒక్కచోట మాత్రం ఇదే చూడటం. పడమటి కొండల్లోంచి వచ్చి, మా కాళ్ళ కింద వెడల్పుగా పరుచుకుని, బెజవాడ దగ్గర సన్నటి గీతలా ఉన్న ఆనకట్టకు తగిలి, అక్కడనుంచి కాలవలై విడిపోయి తూర్పున ఎక్కడికో పోతోంది. ఆ కాలవల చివర పచ్చదనం, దాని చివర పొగమంచు. ఆ మంచులో ఎక్కడో ఉయ్యూరు, మా చేలు, అమ్మ కాపురానికి వచ్చిన ఇల్లు, మా నాన్న సమాధి. అరవయ్యేళ్ళ బతుకంతా ఒక చాపంత కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియదు.

అమ్మ ఒక రాతి మీద కూర్చుంది. చాలాసేపు చూసింది. తర్వాత, ఆ రోడ్డేది అని అడిగింది. ఏ రోడ్డో చెప్పనక్కర్లేదు. వదిన వేలు పెట్టి చూపించింది. నది పక్కన బూడిద రంగు దారం. దాని మీద లారీలు నూకల్ని మోసే చీమల్లా పోతున్నాయి. చప్పుడు లేదు. మా ఇంటిని కూల్చినది అంత చిన్నగా, అంత నిశ్శబ్దంగా ఉంటుందని నేను అనుకోలేదు.

"వాడికి ఈ దారి తెలీదా?" అంది అమ్మ.

వదిన తల ఎత్తి, అమ్మ కళ్ళల్లోకి చూసే చెప్పింది.

"తెలుసత్తయ్యా. హనుమయ్య అప్పట్లోనే మా ఇద్దరికీ చెప్పాడు. చాపలా రోడ్డుండగా కొండలెందుకు హనుమయ్యా, మేం పల్లపోళ్ళం అని మీ అబ్బాయి నవ్వాడు. నేనూ నవ్వాను."

ఇన్ని నెలలూ ఆమె ఇది ఒక్కతే మోసింది. రోజూ పొద్దున్నే ఈ దారి ఎక్కుతూ మోసింది. నేను తల తిప్పుకున్నాను. అమ్మ ఏమంటుందో అని భయపడ్డాను.

అమ్మ వదిన చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చెయ్యి తిప్పి, మోచేతి మీద చిట్టీత ముళ్ళు గీసిన పాత గీతల్ని వేలితో తడిమింది. అప్పటిదాకా అవి ఎలా వచ్చాయో ఆమె అడగలేదు.

"నేనక్కడ ఉన్నా నవ్వేదాన్నేనే," అంది.

కాసేపటికి అమ్మే ముందు తేరుకుంది. పొద్దెక్కుతోంది, బడి పిల్లలు చూస్తుంటారు, ఇక బయలుదేరు అంది. తనను సంజీవి దింపుకుపోతాడని, తన కోసం ఆగొద్దని చెప్పింది. వదిన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. అమ్మ కొంగున కట్టిన తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టింది. వదిన కుచ్చిళ్ళు బిగించి సైకిలెక్కింది. కంకర కరకరమంది. మొదటి మలుపులో ఆమె కనిపించకుండా పోయింది.

నేను లేచి, పద అమ్మా అన్నాను. అమ్మ కదల్లేదు. అవతలి వైపు అంచుకు నడిచి, కింద కనిపిస్తున్న ఎర్రగట్టును చూస్తూ నిలబడింది. మోకాళ్ళు నొప్పి పెడతాయి, కూర్చో అన్నా వినలేదు. దారి చెట్లలోకి పోయి, మళ్ళీ బయటపడి, మళ్ళీ పోతోంది. ఒకసారి సైకిలు ఒక చుక్కలా కనిపించింది. ఊచల మీద ఎండ మెరిసింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అమ్మ చెయ్యి నా మోచేతిని పట్టుకుని ఉంది. ఆ పట్టుకు నాకు నొప్పి పుట్టింది, కానీ విడిపించుకోలేదు.

కింద పెంకుటి కప్పు ముందు చిన్న చిన్న చుక్కలు గుంపుగా ఉన్నాయి. అవి ఒక్కసారిగా కదిలి దారికి ఎదురు పరిగెత్తాయి. వాటి మధ్య సైకిలు ఆగింది. గంట కొట్టిన చప్పుడు, ఎంతో ఆలస్యంగా, కొండ మీదికి సన్నగా వచ్చింది.

అమ్మ నా చెయ్యి వదిలింది.

"చేరిందిరా," అంది.